ఎత్తే రక్షణగా నిలిచిన ద్రాక్ష: ఆవోస్తా లోయలోని ప్రియే బ్లాంక్‌

ఇటలీ వాయవ్య మూలలో ఫ్రాన్స్‌, స్విట్జర్లాండ్‌ సరిహద్దులను ఆనుకొని ఉన్న ఆవోస్తా లోయ ఆ దేశపు ప్రాంతాలన్నింటిలోకి చిన్నది. లోయకు పడమటి కొసన 4,800 మీటర్లకు పైబడిన మోంట్‌ బ్లాంక్‌ శిఖరం నిలిచి ఉన్నది. ఆ పర్వతం చెంత, మోర్జె, లా సాల్‌ అనే రెండు గ్రామాల పరిధిలో, సముద్ర మట్టానికి సుమారు 900 నుంచి 1,200 మీటర్ల ఎత్తున ఒక తెల్ల ద్రాక్ష రకం తరతరాలుగా సాగవుతున్నది. దాని పేరు ప్రియే బ్లాంక్‌. తెలుగు చెవికి సంస్కృత సంబోధనలా వినిపించే ఈ పేరులోని మొదటి మాటను ఫ్రెంచిలో 'ప్రార్థించు' అనే అర్థమిచ్చే క్రియతో ముడిపెట్టి, చర్చి ఆరాధనలో వాడిన వైన్‌ కనుక ఆ పేరు వచ్చినదని కొందరు చెబుతారు. అది ఊహ మాత్రమే. 'బ్లాంక్‌' అంటే తెలుపు.

ఈ రకం సాగు కొన్ని పదుల హెక్టార్లకు మించదు. ఇంత స్వల్ప విస్తీర్ణం గల రకాన్ని గురించి తెలుగు నేల మీది వ్యవసాయ శాస్త్ర విద్యార్థి చదవవలసిన అవసరం ఏమిటన్న ప్రశ్న సహజం. దేశవాళీ రకాల పరిరక్షణను గురించి మాట్లాడేటప్పుడు సాధారణంగా జన్యు నిధులు, ప్రభుత్వ పథకాలు, అభిరుచి గల రైతులు చర్చకు వస్తారు. ప్రియే బ్లాంక్‌ విషయంలో వీటన్నింటికంటే ముందు పనిచేసినది ఆ చోటి చలి. మరే ఇతర రకమూ నమ్మకంగా పండని ఎత్తున ఇది పండినది కనుకనే మిగిలినది. పోటీ లేకపోవడమే దాని రక్షణ. ఆ రక్షణ ఇప్పుడు ఏటేటా సడలుతున్నది.

ఈ తోటలను ఐరోపాలోనే అత్యంత ఎత్తైనవిగా వర్ణించడం పరిపాటి. ఆ మాటను యథాతథంగా తీసుకోనవసరం లేదు. పొరుగున ఉన్న స్విట్జర్లాండ్‌లోని విస్పెర్‌టెర్మినెన్‌ గ్రామం కూడా సుమారు 1,150 మీటర్ల దాకా ద్రాక్ష పండిస్తూ అదే బిరుదును కోరుతున్నది. వ్యవసాయ శాస్త్ర దృష్టిలో ఎవరిది మొదటి స్థానమన్నది ముఖ్యం కాదు. 46 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి చేరువలో, వెయ్యి మీటర్ల ఎత్తున ద్రాక్ష గుత్తి పండడమే విశేషం.

లోయ స్వభావం

లోయ పొడవునా డోరా బాల్టియా నది పారుతుంది. చుట్టూ ఉన్న పర్వతాలు మేఘాలను తమ బయటి వాలుల మీదే ఆపివేయడం వలన లోయ అడుగు భాగం వానచాటు ప్రాంతంగా మిగిలినది. ఆవోస్తా పట్టణంలో సగటు వార్షిక వర్షపాతం 500 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఇంచుమించు అనంతపురం స్థాయి అన్నమాట. మంచుకొండల ప్రాంతం అనగానే తడి నేలలను ఊహించుకొనే వారికి ఇది వింతగా తోచవచ్చు. మోర్జె వైపు పోయే కొద్దీ వాన కొంత పెరుగుతుంది. లోటును పూడ్చేది పైనున్న హిమానీనదాల నుంచి, శీతాకాలపు మంచు నుంచి కరిగి వచ్చే నీరు. దానిని కొండవాలు వెంబడి దూర దూరాలకు మళ్లించే కాలువలను స్థానికులు 'రూ' అంటారు. వీటిలో చాలా వాటిని మధ్యయుగంలోనే తవ్వినారు.

ఎత్తు పెరిగే కొద్దీ గాలి ఉష్ణోగ్రత ప్రతి 100 మీటర్లకు సుమారు 0.6 డిగ్రీల సెల్సియస్‌ తగ్గుతుంది. ఆవోస్తా పట్టణం సుమారు 580 మీటర్ల ఎత్తున ఉన్నది. మోర్జె తోటలను సగటున వెయ్యి మీటర్ల వద్ద ఉన్నట్లు తీసుకుంటే రెండింటికీ తేడా సుమారు 2.5 డిగ్రీలు. చూడడానికి ఇది చిన్న అంకె. అయితే ద్రాక్ష తీగ పెరుగుదలను 10 డిగ్రీల పైబడిన రోజువారీ ఉష్ణోగ్రతల మొత్తంతో, అంటే ఉష్ణ యూనిట్లతో, కొలుస్తారు. ఏప్రిల్‌ నుంచి అక్టోబరు వరకు గల ఏడు నెలలకు ఈ తేడాను కూడితే సుమారు 500 ఉష్ణ యూనిట్ల లోటు ఏర్పడుతుంది. చల్లని మండలంలో అసలు లభించే మొత్తమే వెయ్యి యూనిట్ల పరిసరాల్లో ఉన్నప్పుడు అది ఎంత పెద్ద కోతో గ్రహించవచ్చు. అందువలననే లోయ దిగువన అనేక ఎర్ర ద్రాక్ష రకాలు సాగులో ఉండగా, మోర్జె చేరేసరికి ఈ ఒక్క తెల్ల రకమే మిగులుతుంది.

స్వల్ప జీవన చక్రం

ప్రియే బ్లాంక్‌ ప్రధాన లక్షణం త్వరగా పండడం. పొరుగున ఉన్న పీడ్‌మాంట్‌ ప్రాంతంలో దీనిని 'అగోస్తెంగా' అన్నారు. ఆగస్టులో పండేది అని దాని అర్థం. దిగువ నేలల్లో ఆగస్టులో పండగల రకాన్ని వెయ్యి మీటర్లకు చేర్చితే సాధారణంగా సెప్టెంబరులో కోతకు వస్తుంది. దిగువన సెప్టెంబరు చివర పండే రకాన్ని అదే ఎత్తుకు చేర్చితే మంచు పడే నాటికి కాయ పులుపుతోనే మిగిలిపోతుంది. తెలుగు రైతు స్వల్పకాలిక వరి రకాన్ని ఎంచుకోవడంలో చూసే లెక్కే ఇది. అక్కడ నీటి గడువు, ఇక్కడ వేడి గడువు.

త్వరగా పండడం అంటే కాయలో చక్కెర చేరడం మాత్రమే కాదు. కోత తరువాత తీగకు మరికొన్ని వారాలు ఆకులతో గడిపే వ్యవధి ఉండాలి. ఆ వ్యవధిలోనే ఆకులు తయారుచేసిన పిండి పదార్థం వేళ్లలోనూ, కాండంలోనూ నిల్వ చేరుతుంది. ఆ ఏటి పచ్చి రెమ్మలు ముదిరి గోధుమ రంగు కట్టెగా మారుతాయి. ముదరని రెమ్మ మొదటి తీవ్రమైన చలికే చనిపోతుంది. మరుసటి వసంతంలో చిగుర్లకు కావలసిన ఆహారం కూడా ఈ నిల్వల నుంచే వస్తుంది. ఆలస్యంగా పండే రకం ఒక మంచి సంవత్సరంలో కొండ మీద కాయనిచ్చినా, కట్టె ముదరక రెండు మూడేళ్లలో నీరసించి పోతుంది. ఎత్తైన చోట రకాల ఎంపికను పరిశీలించేవారు తరచుగా కాయ నాణ్యతనే కొలిచి ఈ సంగతిని విస్మరిస్తారు. ఒక ఏడు పండడం వేరు, నలభై ఏళ్లు నిలవడం వేరు.

హైదరాబాదు పరిసరాల ద్రాక్ష తోటలను ఎరిగిన పాఠకులకు ఈ క్రమం తలకిందులుగా కనిపిస్తుంది. మన వాతావరణంలో ద్రాక్ష తీగకు సహజమైన నిద్రావస్థ లేదు. అందుకే ఏప్రిల్‌లో పునాది కత్తిరింపు, అక్టోబరులో కాపు కత్తిరింపు చేసి, అవసరమైతే హైడ్రోజన్‌ సయనమైడ్‌ పూసి కళ్లను మేల్కొలపవలసి వస్తుంది. మోర్జెలో ఆ పని శీతాకాలమే చేస్తుంది. తీగ ఐదారు నెలలు నిద్రిస్తుంది, కత్తిరింపు ఒక్కటే. అక్కడి రైతుకు భయం తీగ మేలుకోదేమోనని కాదు, తొందరపడి మేలుకుంటుందేమోనని. ఏప్రిల్‌ చివర విచ్చిన లేత చిగురుకు సున్నాకు రెండు మూడు డిగ్రీలు దిగువనున్న రాత్రి ఒక్కటి చాలు. 2017 ఏప్రిల్‌లో ఐరోపా ద్రాక్ష మండలాలను దెబ్బతీసిన చలి ఈ లోయనూ వదలలేదు.

చల్లని రాత్రుల ప్రభావం కాయ రసాయనంలో స్పష్టంగా కనిపిస్తుంది. ద్రాక్షలోని రెండు ముఖ్య ఆమ్లాలలో టార్టారిక్‌ ఆమ్లం నిలకడగా ఉంటుంది. మాలిక్‌ ఆమ్లాన్ని మాత్రం పండే దశలో కాయ తన శ్వాసక్రియకు ఖర్చు చేస్తుంది. ఆ ఖర్చు ఉష్ణోగ్రతతో పాటు పెరుగుతుంది. వేడి మండలాలలో కాయ పండే నాటికి మాలిక్‌ ఆమ్లం అడుగంటుతుంది. ఆల్ప్స్‌ ఎత్తులో చాలా వరకు నిలిచి ఉంటుంది. ప్రియే బ్లాంక్‌ నుంచి తయారయ్యే వైన్‌ తేలికగా, పుల్లగా, తక్కువ ఆల్కహాల్‌తో ఉండడానికి కారణం ఇదే. ఎండుగడ్డిని, కొండ మూలికలను పోలిన వాసన దానికి ఉంటుందని రుచి చూసేవారు చెబుతారు. సీసాలోనే రెండవసారి పులియబెట్టి నురుగు వైన్‌ తయారు చేయడానికి పులుపు అవసరం కనుక, ఒకప్పుడు లోపంగా భావించిన గుణమే ఇప్పుడు దాని వ్యాపార బలం.

నేలకు దగ్గరగా పందిరి

పందిరి మీద ద్రాక్ష అంటే మన రైతుకు మనిషి తలకంటే ఎత్తున, సుమారు రెండు మీటర్ల మీద అల్లిన తీగల వల గుర్తుకు వస్తుంది. మోర్జెలోనూ పందిరే ఉన్నది, కాని అది నడుము ఎత్తుకు మించదు. కొన్ని చోట్ల అంతకంటే తక్కువ. రాతి గోడలతో కట్టిన మెట్ల చేల మీద చిన్న కొయ్య గుంజలు పాతి, అడ్డ కర్రలు కట్టి, తీగలను దాదాపు నేలకు సమాంతరంగా పరుస్తారు. కాపు కోసేవారు మోకాళ్ల మీద కూర్చుని, కొన్నిసార్లు పాకుతూ పని చేయవలసినదే. యంత్రానికి అక్కడ చోటు లేదు.

ఇంత శ్రమతో కూడిన పద్ధతిని పట్టుకొని ఉండడానికి బలమైన కారణాలు ఉన్నాయి. పగలంతా ఎండలో కాగిన నేల, రాతి గోడలు రాత్రి వేళ ఆ వేడిని వదులుతాయి. గుత్తులు నేలకు ఎంత దగ్గరగా ఉంటే అంత లాభం. లోయ వెంట వీచే గాలికి తక్కువ ఎత్తు పందిరి ఎదురు నిలుస్తుంది. శీతాకాలంలో మంచు పేరుకున్నప్పుడు తీగ ఆ మంచు కింద ఒదిగి, పైనున్న గాలి కంటే తక్కువ చలిని అనుభవిస్తుంది. ఒక ఇబ్బంది కూడా లేకపోలేదు. నిర్మలమైన వసంతపు రాత్రి చల్లని గాలి బరువుగా నేల మీదే నిలిచిపోతే పొట్టి పందిరి చిగుర్లకే మొదట ముప్పు. అందుకే తోటలు లోయ అడుగున కాక, చలిగాలి కిందికి జారిపోయే వాలుల మీద, దక్షిణానికి అభిముఖంగా ఉంటాయి.

ఇటువంటి సాగును అధ్యయనం చేయడానికి, సమర్థించడానికి 1987లో ఆవోస్తా లోయలోనే సెర్విమ్‌ అనే సంస్థ ఏర్పడినది. 30 శాతానికి మించిన వాలు, 500 మీటర్లకు పైబడిన ఎత్తు, మెట్ల చేలు, చిన్న దీవులు అనే ప్రమాణాలలో ఏదో ఒకటి ఉన్న తోటలను ఆ సంస్థ పర్వత సాగుగా, కష్టసాధ్యమైన సాగుగా గుర్తిస్తుంది. మోర్జె తోటలకు వీటిలో ఒకటి కంటే ఎక్కువే వర్తిస్తాయి.

సొంత వేళ్ల మీద

ప్రియే బ్లాంక్‌ను ప్రత్యేకంగా నిలిపే మరొక అంశం దాని వేళ్లు. 1860ల దశకంలో ఉత్తర అమెరికా నుంచి ఫ్రాన్స్‌కు చేరిన ఫిలోక్సెరా అనే పేను జాతి పురుగు కొన్ని దశాబ్దాలలో ఐరోపా తోటలలో అత్యధిక భాగాన్ని వేళ్ల దగ్గరే నాశనం చేసినది. అమెరికా ద్రాక్ష జాతుల వేరుమూలాల మీద ఐరోపా రకాలను అంటు కట్టడమే దానికి దొరికిన పరిష్కారం. నాటి నుంచి ఐరోపాలో ద్రాక్ష మొక్క అంటే దాదాపు అన్ని చోట్లా రెండు జాతుల జంట మొక్కే. మోర్జె, లా సాల్‌ తోటలు ఈ నియమానికి అపవాదం. అక్కడి తీగలు నేటికీ తమ సొంత వేళ్ల మీదే నిలిచి ఉన్నాయి.

దీనిని రకానికి గల నిరోధక శక్తిగా పొరబడరాదు. ప్రియే బ్లాంక్‌ కూడా ఐరోపా ద్రాక్ష జాతికి చెందినదే. పురుగు చేరితే దాని వేళ్లూ కుళ్లుతాయి. కాపాడుతున్నది పరిసరం. హిమానీనదాలు, వాగులు మోసుకు వచ్చిన ఇసుక పాలు ఎక్కువగా గల నేలలో పురుగు కదలడానికి బంకమట్టిలో వలె పగుళ్లు ఉండవు. చల్లని నేలలో దాని తరాల సంఖ్య తగ్గుతుంది. దిగువ తోటలకూ వీటికీ మధ్య ఉన్న దూరం మరొక అడ్డు. ఈ మూడింటిలో ఇసుక ఒక్కటే శాశ్వతమైనది.

మన దేశంలో అంటు కట్టడానికి కారణం వేరు. మహారాష్ట్రలోను, తెలుగు నేలలోను డాగ్‌రిడ్జ్‌ వంటి వేరుమూలాలు ప్రచారంలోకి వచ్చినది ఉప్పు నీటిని, నీటి ఎద్దడిని తట్టుకోవడానికే తప్ప ఫిలోక్సెరాకు భయపడి కాదు. అంటు మొక్క అనగానే పురుగును తలచుకొనే ఐరోపా పాఠ్యగ్రంథాలను మన విద్యార్థులు చదివేటప్పుడు ఈ భేదాన్ని గుర్తుంచుకోవడం మంచిది.

సొంత వేళ్ల వలన కలిగే అసలు ప్రయోజనం సాగు పనిలో కనిపిస్తుంది. వరుసలో ఒక తీగ చనిపోయినప్పుడు పక్క తీగ నుంచి పొడవైన కట్టెను వంచి, మట్టిలో పూడ్చి, కొనను ఖాళీ స్థలంలో పైకి తీస్తారు. ఇది మన తోటమాలులు ఎరిగిన నేల అంటు పద్ధతే. ఒకటి రెండేళ్లు తల్లి తీగ ఆహారంతో పెరిగిన కొత్త మొక్క, ముదురు చెట్ల నడుమ నాటిన నర్సరీ మొక్క కంటే వేగంగా నిలదొక్కుకుంటుంది. అంటు కట్టిన తోటలో ఈ పని సాధ్యపడదు. పూడ్చిన కట్టె ఐరోపా జాతిది కనుక దాని వేళ్లు పురుగుకు ఆహారమవుతాయి. నేల అంటు ద్వారా కొనసాగిన తోటలో ఏ తీగ ఎంత వయసుదో చెప్పడం కష్టం. పైకి కనిపించే కాండం ఇరవై ఏళ్లదే కావచ్చు, దాని వంశం మాత్రం అదే మడిలో తరాల నాటిది. ఫలితంగా ఒకే పేరు కింద అనేక పాత క్లోన్లు, స్వల్ప భేదాలతో, ఇంకా పొలంలోనే ఉన్నాయి. అయితే నేల అంటుతో పాటు తల్లిలోని వైరస్‌ కూడా పిల్లకు సంక్రమిస్తుంది. ఆకుముడత కలిగించే వైరస్‌లు అలా నిశ్శబ్దంగా పేరుకుపోవడం పాత తోటలన్నిటా ఉన్న సమస్యే. సొంత వేళ్ల మీది తీగ నుంచి వచ్చిన వైన్‌ మరింత రుచికరమని వర్తకులు చేసే ప్రచారానికి మాత్రం గట్టి ప్రయోగాధారం కనిపించదు.

పేర్లు, వంశం

ప్రియే అన్న పేరు 1691 నాటికే ఆవోస్తా లోయ పత్రాలలో కనిపిస్తుంది. 1838లో లోరెంజో ఫ్రాంచెస్కో గత్తా ఈ లోయ ద్రాక్ష రకాలను, వైన్లను వివరిస్తూ ప్రచురించిన గ్రంథం ఇక్కడి రకాల అధ్యయనానికి పునాది వేసినది. ఇటీవలి కాలంలో స్విట్జర్లాండ్‌కు చెందిన జోసె వుయామోజ్‌, ఆవోస్తాకు చెందిన జూలియో మొరియోందో కలిసి 2011లో ఈ లోయ రకాలను, కనుమకు ఆవలి వాలే రకాలను కలిపి పరిశీలించిన పుస్తకాన్ని వెలువరించినారు. రెండు ప్రాంతాలను కలపడం సమంజసమే. గ్రాండ్‌ సెయింట్‌ బెర్నార్డ్‌ కనుమ గుండా మనుషులు, పశువులతో పాటు ద్రాక్ష కట్టెలు కూడా ఇటూ అటూ ప్రయాణించినాయి. వాలేలో ఒకప్పుడు సాగైన 'బెర్నార్డ్‌' అనే రకం ప్రియే బ్లాంకే.

డి.ఎన్‌.ఏ. పరీక్షలు ఇక్కడ రెండు అపోహలను తొలగించినాయి. ఈ లోయలో ప్రియే రూజ్‌, అంటే ఎర్ర ప్రియే, అనే రకం ఉన్నది; దానికే ప్రెమెత్తా అని మరొక పేరు. పేరును బట్టి దానిని తెల్ల ప్రియే రంగు మారిన రూపంగా భావించడం సహజం. ద్రాక్షలో అటువంటి రంగు మార్పులు అరుదు కావు. రంగు మార్పు వలన ఏర్పడిన రకమైతే మైక్రోశాటిలైట్‌ గుర్తులు రెండింటిలోనూ ఒకేలా ఉండాలి. ప్రతి గుర్తు వద్ద సగం మాత్రమే కలిస్తే అది తల్లిదండ్రులకు, సంతానానికి మధ్య ఉండే సంబంధం. ఇక్కడ తేలినది రెండవదే. ప్రెమెత్తా ప్రియే బ్లాంక్‌ సంతానం. అంటే ఎప్పుడో ఒకనాడు ఏదో తోట అంచున గింజ నుంచి మొలిచిన మొక్కను ఎవరో గుర్తించి, కట్టె తీసి నాటుకున్నారు.

లుగ్లియెంగా అనే పురాతన తెల్ల ద్రాక్షకు, ప్రియే బ్లాంక్‌కు మధ్య కూడా తరం తేడాతో కూడిన దగ్గరి సంబంధం ఉన్నదని తేలినది. లుగ్లియెంగా అంటే జులైలో పండేది. ఆగస్టు పేరు గల రకానికి జులై పేరు గల చుట్టం దొరకడం యాదృచ్ఛికం కాదు. త్వరగా పండే గుణం వంశపారంపర్యంగా వచ్చినదన్న మాట. వీటిలో ఏది తల్లి, ఏది బిడ్డ అన్నది రెండవ జనకుని గుర్తిస్తే గాని డి.ఎన్‌.ఏ. ఒక్కటే చెప్పలేదు.

స్పెయిన్‌లోని ఆవిలా ప్రాంతంలో లెగిరువేలా అనే పేరుతో ఉన్న రకం కూడా ప్రియే బ్లాంకే. ఒకే రకం రెండు దేశాలలో దొరికినప్పుడు 'స్థానికం' అన్న మాటకు అర్థమేమిటన్న సందేహం కలుగుతుంది. పుట్టుక చోటును బట్టి కాక, ఒక రకం ఎక్కడ దీర్ఘకాలం సాగై, అక్కడి చుట్టాలను కలిగి, అక్కడి పని పద్ధతిని తీర్చిదిద్దినదో ఆ చోటే దానికి స్వస్థలమని చెప్పడం సబబు. ఆ లెక్కన ప్రియే బ్లాంక్‌ ఆల్ప్స్‌ రకమే.

క్షీణత, పునరుద్ధరణ

19వ శతాబ్దంలో ఆవోస్తా లోయలో వేల హెక్టార్లలో ద్రాక్ష ఉండేది. బూడిద తెగులు, బూజు తెగులు, ఫిలోక్సెరా ఒకదాని వెంట ఒకటి వచ్చినాయి. తరువాత యుద్ధాలు, కర్మాగారాలు, పర్యాటకం మనుషులను తోటల నుంచి తీసుకువెళ్లినాయి. నేడు లోయ మొత్తం మీద ద్రాక్ష విస్తీర్ణం 500 హెక్టార్లకు లోపే. మోర్జెలో పురుగు చేయలేని పనిని వలస చేయబోయినది. వారసత్వ పంపకాలతో కమతాలు చీలి చిన్న చిన్న మడులుగా మిగలగా, వాటిని విడిచిపెట్టడమే లాభమనే పరిస్థితి ఏర్పడినది.

ఆ దశలో మోర్జె చర్చి గురువు అలెగ్జాండర్‌ బుజా ఈ వైన్‌ను సీసాల్లో నింపి బయటి ప్రపంచానికి పరిచయం చేసినారు. 1983లో రెండు గ్రామాల రైతులు సహకార సంఘంగా ఏర్పడినారు. 1985లో ఆవోస్తా లోయ వైన్లకు భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు మోర్జె, లా సాల్‌ తెల్ల వైన్‌కు అందులో ప్రత్యేక ఉపమండలంగా స్థానం దక్కినది. పావు ఎకరం మడి గల రైతు సొంతంగా పీపాలు, సీసాలు, అమ్మకం చూసుకోలేడు. కాయను తూకం వేసి తీసుకొనే సంఘం ఉన్నప్పుడు అతడు సాయంత్రాలలో, సెలవు రోజులలో పని చేసి మడిని నిలుపుకోగలడు. రకాన్ని కాపాడినదెవరన్న ప్రశ్నకు చలి తరువాత చెప్పవలసిన పేరు ఈ సంఘానిదే.

మూడు వందల మీటర్ల లెక్క

19వ శతాబ్దం చివరి నుంచి ఆల్ప్స్‌ ప్రాంతం సుమారు 2 డిగ్రీలు వేడెక్కినది. ఇది ప్రపంచ సగటు కంటే దాదాపు రెట్టింపు. ఇంతకు ముందు చెప్పిన ప్రకారం 100 మీటర్లకు 0.6 డిగ్రీలు అయితే, 2 డిగ్రీలు అంటే 300 మీటర్లకు పైమాటే. వెయ్యి మీటర్ల వద్ద ఉన్న తోట ఇప్పుడు అనుభవిస్తున్న ఉష్ణోగ్రత నూరేళ్ల కిందట 700 మీటర్ల వద్ద ఉండేది. తోట కదలలేదు, వాతావరణమే పైకి ఎక్కినది.

దీని మొదటి ఫలితాన్ని రైతు సంతోషంగానే స్వీకరిస్తాడు. కాయలో చక్కెర పెరుగుతుంది, కోత ముందుకు జరుగుతుంది, పంట పండని సంవత్సరాలు తగ్గుతాయి. కాని ప్రియే బ్లాంక్‌కు ఇంతకాలం గుత్తాధిపత్యం కట్టబెట్టినది పండని సంవత్సరాల భయమే. ఆ భయం తగ్గిన నాడు షార్డొనే వంటి ప్రసిద్ధ రకాలు అదే మడిలో పండగలవు. వాటికి మార్కెట్టు ముందే సిద్ధంగా ఉన్నది. ఉపమండలం పేరుతో అమ్మే వైన్‌కు ప్రియే బ్లాంకే ఉండాలన్న నిబంధన కొంత అడ్డు నిలుస్తుంది. అయితే నిబంధనలు రైతుల ఓట్లతో మారగలవు, రైతుల ఓటు ఆదాయాన్ని బట్టి మారగలదు.

రెండవది పులుపు. వెచ్చని రాత్రులలో మాలిక్‌ ఆమ్లం తరిగితే నురుగు వైన్‌కు ఈ కాయ ఇస్తున్న ప్రత్యేకత పలచబడుతుంది. కోతను ఇంకా ముందుకు జరపడం ఒక ఉపాయం, దానికీ హద్దు ఉన్నది. మూడవది చిగురింత. శీతాకాలం చివర వేడెక్కినందున కళ్లు ముందుగా విచ్చితే, ఆలస్యపు చలి రాత్రికి అవి మరింత పెద్ద ఎరగా మారుతాయి. సగటు ఉష్ణోగ్రత పెరిగిన చోట మంచు నష్టం పెరగడం వైరుధ్యంగా తోచినా నిజం. నాలుగవది ఫిలోక్సెరా. నేల చల్లదనం అనే అడ్డు బలహీనపడితే ఇసుక తక్కువగా గల మడులు మొదట దొరికిపోతాయి. వీటన్నిటి వెనుక నీరు ఉన్నది. హిమానీనదాలు వెనక్కు తగ్గే కొద్దీ వేసవి చివరలో 'రూ' కాలువలకు చేరే నీరు తగ్గుతుంది. వానచాటు లోయకు అది చిన్న సంగతి కాదు.

తోటలను మరింత ఎత్తుకు తరలించవచ్చునన్న సూచన వినవస్తుంది. లెక్క ప్రకారం అది సరైనదే. ఆచరణలో 1,200 మీటర్లకు పైన దక్షిణం వైపు తిరిగిన వాలు, నిలువగల మట్టి, నీటి వసతి మూడూ ఒకచోట దొరకడం అరుదు. అడవి, పచ్చిక బయళ్లు, మంచు చరియల దారులు అక్కడ ఉన్నాయి. కొత్త రాతి గోడలు కట్టే కూలి ఖర్చును ఏ ద్రాక్ష ధర భరించగలదన్నది మరొక ప్రశ్న.

ఇక మిగిలినది రకాన్ని ఉద్దేశపూర్వకంగా కాపాడడం. ఆవోస్తాలోని ప్రాంతీయ వ్యవసాయ సంస్థ లోయ రకాల సేకరణ తోటను నిర్వహిస్తున్నది. సేకరణలో రకం ఉన్నదని తృప్తి పడితే చాలదు. నాలుగైదు ధ్రువీకృత క్లోన్లు రకం పేరును నిలుపుతాయి గాని, మడి మడికీ ఉన్న చిన్న భేదాలను నిలపవు. చిగురింతలో నాలుగు రోజులు ఆలస్యమయ్యే పాత తీగ, పులుపును వారం ఎక్కువ నిలుపుకొనే పాత తీగ పైన చెప్పిన ఇబ్బందులకు ఈ రకంలోనే దొరకగల జవాబులు. అటువంటివి ఉన్నాయా లేదా అన్నది తీగ తీగనూ నాలుగైదేళ్లు వరుసగా చూచి, చిగురింత తేదీని, కోతకు ముందు ఆమ్లాన్ని నమోదు చేస్తే గాని తెలియదు. హైదరాబాదు చుట్టూ ఒకప్పుడు పందిళ్ల నిండా ఉన్న అనాబ్‌-ఎ-షాహీ తోటలు నగర విస్తరణకు లోనైనప్పుడు పోయినది విస్తీర్ణం ఒక్కటే కాదు, తోట తోటకూ రైతులు ఎంచి నిలుపుకున్న మేలైన తీగలు కూడా. రాజేంద్రనగర్‌ వంటి పరిశోధన కేంద్రాలలో రకం మిగలడం, దాని అంతర్గత వైవిధ్యం మిగలడం ఒకటి కావు.

మోర్జెలో ఈ పని ఏ మడి నుంచి మొదలు కావలసి ఉన్నదో చెప్పడం తేలిక. వృద్ధులైన రైతులు సాగు చేస్తున్న, వారసులు ఆసక్తి చూపని పై మెట్ల చేలు ముందు. అక్కడ తీగలకు వేసవిలోనే సంఖ్యలు కట్టి, వైరస్‌ పరీక్షకు ఆకులు, కట్టె నమూనాలు తీసుకోవాలి. ఆరోగ్యంగా ఉన్నవాటి నుంచి జనవరి, ఫిబ్రవరి కత్తిరింపుల సమయంలో, ఎలాగూ నేల మీద పడే కట్టెను తీగ సంఖ్యతో కట్టలుగా కట్టి, తడి ఇసుకలో చల్లగా నిలువ ఉంచి, వసంతంలో సొంత వేళ్ల మీదే నాటుకోవచ్చు. వైరస్‌ ఉన్నవాటిని వదిలివేయక, ఉష్ణ చికిత్స, కణజాల వర్ధనం చేయగల ప్రయోగశాలకు విడిగా పంపవలసి ఉంటుంది. ఇందుకు కావలసినది కత్తిరింపు రోజున మడిలో ఉండే ఇద్దరు మనుషులు, ఒక పుస్తకం, చెరగని సిరా.